రోడ్డు కింద ఏముంది?

(రాత్రి చదువు కేంద్రంలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!

పొద్దంతా పని చేసి, వంట చేసి, పిల్లలకు పెట్టి వచ్చారు. అలసిపోయి ఉన్నారు. అందుకని ఈరోజు పలకలు పక్కన పెట్టండి. నేను చెబుతాను, మీరు వినండి. మధ్యలో అడగాలనిపిస్తే అడగండి.

ఈరోజు రోడ్డు గురించి మాట్లాడుకుందాం.

"రోడ్డు గురించి మాకు చెప్పేదేముంది బిడ్డా? మా బతుకంతా రోడ్ల మీదనే పాయె" అని వెనక నుంచి పెద్దమ్మ అంటోంది. నిజమే పెద్దమ్మా. ఈ గదిలో సగం మంది తట్ట మోసినవాళ్లే. మన పాలమూరు మనుషులు మట్టి మోయని ఊరు ఉందా? కాలువలు తవ్వారు, కట్టలు పోశారు, రోడ్లు వేశారు. పూణె పోయారు, బొంబాయి పోయారు. నేను చెప్పేదాంట్లో సగం మీ దగ్గర విన్నదే. మిగతా సగం పుస్తకాల్లో చదివాను. ఒక ఇంజనీరు గారిని అడిగి తెలుసుకున్నాను. రెండూ కలిపి చెబుతాను.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మన ఊరి రోడ్డు మళ్లీ మంజూరైంది. మన ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా రెండున్నర కిలోమీటర్లు. సోమవారం పని మొదలవుతుందట.

"మళ్లీ" అన్నాను. మూడేళ్ల కింద వేసిన రోడ్డు మీకు గుర్తుందిగా? ఎండాకాలం చివర్లో వచ్చారు. నల్లరేగడి మీద అక్కడక్కడ మొరం పోశారు. దాని మీద పలుచగా కంకర పరిచారు. ఆ పైన డాంబరు. ఎంతో కాలం పట్టలేదు, పని అయిపోయింది. మనం కొబ్బరికాయ కొట్టాం. పిల్లలు దాని మీద టైర్లు దొర్లించి ఆడుకున్నారు. మొదటి వానకు అంచులు జారాయి. తర్వాత గుంతలు పడ్డాయి. దసరా నాటికి డాంబరు అట్టు లేచినట్టు లేచిపోయింది.

ఆ వానాకాలంలోనే ఒక రాత్రి కాన్పు కోసం ఆటో కట్టించుకుని పోతే, ఈ రెండున్నర కిలోమీటర్లకు గంట పైన పట్టింది. బిడ్డ దారిలోనే పుట్టింది. ఆ తల్లి ఇప్పుడు మూడో వరసలో కూర్చుంది. ఆ బిడ్డ ఆమె ఒడిలో నిద్రపోతోంది. ఇద్దరూ బాగున్నారు. అయినా ఆ గంట ఎలా గడిచిందో ఆమెను అడగండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది మా ఇంటి సంగతి.

ఆ రోడ్డు వేసేటప్పుడు మా అమ్మ చూడటానికి వెళ్లింది. మట్టిని చేత్తో పిసికింది. కాలితో తొక్కింది. "దీనికి నీళ్లు తాగించలేదు. ఇది నిలవదు" అంది. అక్కడున్న మేస్త్రీ నవ్వాడు. "సంతకం పెట్టడం రానిదానివి, నువ్వు రోడ్డు గురించి చెబుతావా?" అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా ఇంటికి వచ్చింది. పది రోజుల తర్వాత జీపులో ఒక అధికారి వచ్చాడు. అప్పటికి పైన డాంబరు పడింది. నల్లగా నిగనిగలాడుతోంది. "బాగుంది" అని ఆయన వెళ్లిపోయాడు.

ఇక్కడే మనం ఆలోచించాలి. మా అమ్మ చూసింది కింది పొరను. ఆయన చూసింది పై పొరను. అలికి ముగ్గు పెట్టిన ఇల్లు చూసి, లోపలి గోడ గట్టిదో గుల్లదో చెప్పగలమా? రోడ్డూ అంతే. ఒక పొర మీద ఇంకో పొర వేస్తారు. పై పొర పడగానే కింది పొర కనపడదు. చూడాలనుకుంటే కప్పకముందే చూడాలి.

అందుకే ఆ పొరల గురించి ఒక్కొక్కటిగా చెబుతాను.

అన్నింటికీ కింద ఉండేది నేల. మన నేల ఏది? నల్లరేగడి. పత్తికి మంచిది, జొన్నకు మంచిది. రోడ్డుకు మాత్రం కష్టం. ఎండాకాలంలో నోరు తెరుస్తుంది. ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మణికట్టు దాకా పోతుంది. వాన పడితే నానబెట్టిన శెనగల్లా ఉబ్బుతుంది. ఎండితే రాయి, తడిస్తే బురద. పైన ఎంత మంచి రోడ్డు వేసినా, కింద నేల ఏటా ఉబ్బి కుంగుతుంటే అది పగలక ఏం చేస్తుంది? కాబట్టి రేగడి మీద వేరే చోటి నుంచి తెచ్చిన మంచి మట్టి పోయాలి. సర్కారు కొలతల ప్రకారం, పల్లె రోడ్డుకు కంకర పొరల కింద ఉండే మట్టి 300 మిల్లీమీటర్ల మందం వరకు గట్టిగా ఉండాలి. 300 మిల్లీమీటర్లు అంటే 30 సెంటీమీటర్లు. అంటే ఒక అడుగు.

మట్టి పోయడానికి ముందు గడ్డి, పొదలు, వేళ్లు తీసెయ్యాలి. వేళ్లను అలాగే కప్పేస్తే అవి లోపల కుళ్లిపోతాయి. కుళ్లిన చోట ఖాళీ ఏర్పడుతుంది. మీద బండి పోతే అక్కడ కుంగుతుంది. ఇంకొకటి. మట్టి కోసం రోడ్డు పక్కనే గుంతలు తవ్వుతారు. దూరం పోతే టిప్పర్‌కు డీజిల్ ఖర్చు కదా! ఆ గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు రోడ్డు కాళ్లను మెత్తబరుస్తాయి. మనకు దోమలు బహుమానం.

ఇక మట్టి పొయ్యడం. టిప్పర్ తెచ్చి గుట్టలుగా పోస్తుంది. దాన్ని గ్రేడర్ పరుస్తుంది. గ్రేడర్ అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య పొడవైన ఇనుప పలక వేలాడే బండి. దోశ పెనం మీద గరిటె తిప్పినట్టు మట్టిని సమంగా చేస్తుంది. ఒక్కో పొర జానెడుకు మించి పొయ్యకూడదు. ఎందుకంటే రోలర్ బరువు లోతుకు పోయే కొద్దీ తగ్గిపోతుంది. మూడు అడుగుల మట్టి ఒకేసారి పోసి రోలర్ తిప్పారనుకోండి. పైన గట్టిపడుతుంది. కింద మెత్తగానే ఉంటుంది. పైన నిలబడి చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. రెండు వానలు పడ్డాక తెలుస్తుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మా అమ్మ "నీళ్లు తాగించలేదు" అన్నది దీని గురించే.

మీరు జొన్నరొట్టె చేస్తారు. పిండిలో నీళ్లు తక్కువైతే ఏమవుతుంది? రొట్టె చుట్టూ పగులుతుంది. ఎక్కువైతే? చేతికి అంటుకుంటుంది, సాగదు. సరిపడా నీళ్లు పడితేనే పిండి ముద్దగా కూడుకుంటుంది. మట్టి కూడా అంతే. పొడి మట్టిలో రేణువులు ఒకదానికొకటి రాసుకుంటాయి. దగ్గరకు జరగవు. కొంచెం తడి ఉంటే జారి, ఖాళీలు పూడ్చుకుని, దగ్గరగా కూర్చుంటాయి. తడి మరీ ఎక్కువైతే మట్టి ఉండాల్సిన చోటును నీళ్లే ఆక్రమిస్తాయి. రోలర్ ఎంత తిప్పినా ఆ నీళ్లు బయటకు పోవు. నేల రబ్బరులా ఊగుతుంది.

ఈ సంగతిని కొలిచి చెప్పినాయన పేరు ప్రాక్టర్. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంజనీరు. 1933లో రాశాడు. ఏ మట్టికి ఎంత తడి ఉంటే అది అన్నిటికన్నా గట్టిగా కూర్చుంటుందో తెలుసుకునే పరీక్ష కనిపెట్టాడు. ఈనాటికీ దేశదేశాల్లో రోడ్డు మట్టికి ఆయన పరీక్షే చేస్తారు. గట్టిపరచిన మట్టిలో ఒక ఇనుప గొట్టాన్ని దిగ్గొడతారు. గొట్టంతో పాటు మట్టిని బయటకు తీసి తూకం వేస్తారు. కొంత మట్టిని ఎండబెట్టి మళ్లీ తూస్తారు. పరీక్షలో వచ్చిన బరువుకు ఇది సరితూగాలి. తూగకపోతే మళ్లీ నీళ్లు, మళ్లీ రోలర్.

మన దగ్గర ఆ గొట్టం లేదు. కానీ చెయ్యి ఉంది. పిడికెడు మట్టి తీసుకుని గట్టిగా పిసకండి. ముద్ద కావాలి. చేతికి తడి అంటకూడదు. పిసికినా పొడిగా రాలిపోతే నీళ్లు చాలలేదని అర్థం. వేళ్ల మధ్య నుంచి బురద వస్తే ఎక్కువైందని అర్థం. దీన్ని ఇంజనీరు గారు కూడా ఒప్పుకున్నారు. ఇది పూర్తి పరీక్ష కాదు గానీ, మొదటి అనుమానం రావడానికి చాలు అన్నారు.

మట్టి మీద మొరం పొర వేస్తారు. బోర్డుల మీద దీన్ని జి.ఎస్.బి. అని రాస్తారు. ఈ పొర పని రెండు రకాలు. పై బరువును పంచుతుంది. కిందికి దిగిన నీళ్లను పక్కకు పంపుతుంది. అందుకే ఇందులో బంకమట్టి ఎక్కువ ఉండకూడదు. మొరం తడిపి చేత్తో నలిపితే జిగటగా ఉంటే అది మంచి మొరం కాదు.

దాని మీద కంకర. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. మీరందరూ కంకర కొట్టినవాళ్లు కాబట్టి.

స్కాట్లండ్‌లో జాన్ మెకాడం అనే ఆయన పుట్టాడు. 1756 నుంచి 1836 దాకా బతికాడు. 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ చుట్టుపక్కల రోడ్లు చూసే పని చేపట్టాడు. అంతకుముందు రోడ్డుకు అడుగున పెద్ద పెద్ద బండలు పేర్చాలని అనుకునేవారు. ఆయన, "బరువు మోసేది నేలే. నేలను పొడిగా ఉంచితే చాలు, ఎంత బరువైనా మోస్తుంది" అనే మాట మీద నిలబడ్డాడు. పెద్ద బండలు మానిపించాడు. చిన్నగా కొట్టిన, మూలలున్న రాళ్లను పరిపించాడు. ఒక్కో రాయి మన లెక్కలో సుమారు 170 గ్రాములకు మించకూడదని నియమం పెట్టాడు. ఆ రాళ్లు కొట్టింది ఎవరనుకున్నారు? అక్కడి పేదవాళ్లే. మగవాళ్లతో పాటు ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు రోడ్డు పక్కన కూర్చుని చిన్న సుత్తులతో కొట్టారు. మీలాగే.

బోర్డు మీద డబ్ల్యు.బి.ఎం. అని ఉంటుంది. అందులో చివరి అక్షరం ఆయన పేరే.

మూలలున్న రాయి ఎందుకు? మూలలుంటే ఒక రాయి ఇంకో రాయిని పట్టుకుంటుంది. వాగులో దొరికే గుండ్రని గులకరాళ్లు పట్టుకోవు, దొర్లిపోతాయి. పెంకుల్లా పలుచగా ఉన్న రాళ్లు రోలర్ కింద విరిగిపోతాయి. కంకర కుప్ప చూడగానే ఈ రెండూ చూడండి.

కంకర పరిచాక, ముందు నీళ్లు లేకుండా రోలర్ తిప్పాలి. రాళ్లు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. తర్వాత సన్న కంకర చల్లి, చీపుర్లతో ఖాళీల్లోకి తొయ్యాలి. మళ్లీ రోలర్. ఆ తర్వాత నీళ్లు పోసి, చీపురుతో ఊడ్చి, మళ్లీ రోలర్. చివర్లో పట్టు కోసం కొంచెం మొరం. ఈ వరస తప్పకూడదు. దొంగపని ఎలా చేస్తారంటే, ముందే మొరం, కంకర కలిపి పోసేస్తారు. చూడటానికి నిండుగా ఉంటుంది. రాయి మాత్రం సగమే ఉంటుంది. మూడేళ్ల కింద మన రోడ్డుకు అదే చేశారని మా అమ్మ అంటుంది. గుంతలు పడిన చోట నేను తవ్వి చూశాను. చేతికి వచ్చింది ఎక్కువగా మట్టే.

మందం కూడా చూడాలి. డబ్ల్యు.బి.ఎం. ఒక పొర గట్టిపడిన తర్వాత 75 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే ఏడున్నర సెంటీమీటర్లు. మన చేతి నాలుగు వేళ్ల వెడల్పు అనుకోండి. రోలర్ తిప్పకముందు అది సుమారు 10 సెంటీమీటర్లు ఉంటేనే తొక్కాక ఏడున్నర వస్తుంది. ఒక కర్ర తీసుకుని 10 సెంటీమీటర్ల దగ్గర దారం కట్టండి. పరిచిన కంకరలోకి కర్ర దించండి. దారం దాకా దిగాలి. ఇది చెయ్యడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు.

రోలర్ ఎప్పుడూ అంచు నుంచి మధ్యకు రావాలి. మధ్య నుంచి మొదలుపెడితే రాళ్లు పక్కలకు జారిపోతాయి. ఒకసారి తిరిగిన జాడ మీద కొంత, కొత్త చోట కొంత పడేలా తిరగాలి. రోలర్ ముందు కంకర అలలా కదులుతుంటే ఇంకా గట్టిపడలేదని గుర్తు.

ఇక డాంబరు. తారు అంటాం, డాంబరు అంటాం. ముడి చమురు నుంచి పెట్రోలు, కిరోసిను, డీజిలు తీసేశాక అడుగున మిగిలేది ఇది. మన పల్లె రోడ్లకు తరచు 20 మిల్లీమీటర్ల మందం డాంబరు వేస్తారు. 20 మిల్లీమీటర్లు ఎంత? మీ బొటనవేలి వెడల్పు. అంతే! దాని కింద మొరం, కంకర కలిపి అడుగు మందం ఉంటుంది. ఆ కింద ఇంకో అడుగు మంచి మట్టి. జనం మాత్రం ఆ బొటనవేలంత నలుపు చూసి రోడ్డు బాగుంది అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేదాన్ని.

డాంబరు వేసే ముందు కంకర మీది దుమ్మంతా ఊడ్చాలి. ఈ పని ఎవరు చేస్తారు? ఆడవాళ్లే. కూలీ తక్కువ, విలువ తక్కువ. నిజానికి ఇది చాలా ముఖ్యమైన పని. దుమ్ము మీద డాంబరు పట్టదు. పెనం మీద పిండి మాడిపోయి ఉంటే అట్టు సరిగా రాదు, తెలుసు కదా. అలాగే ఇది కూడా పొరలుగా లేచిపోతుంది. ఊడ్చాక పలుచని డాంబరు నీళ్లు చల్లుతారు. అది కంకరకు, పై పొరకు మధ్య జిగురు. ఆ తర్వాత వేడి డాంబరు కలిపిన సన్న కంకర పరిచి, వేడి తగ్గకముందే రోలర్ తిప్పాలి. వాన పడుతుంటే వెయ్యకూడదు. తడి నేల మీద వెయ్యకూడదు. "రేపు మంత్రిగారు వస్తున్నారు" అని వాన చినుకుల్లో వేసిన రోడ్లు మీరు చూసే ఉంటారు.

రోడ్డు పైన పలకలా ఉండకూడదు. మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు ఉండాలి. మన రోడ్డు డాంబరు వెడల్పు 3.75 మీటర్లు అనుకుంటే, మధ్య భాగం అంచుల కన్నా సుమారు మూడు వేళ్ల ఎత్తు ఉండాలి. పరీక్ష చాలా సులువు. రోడ్డు మధ్యలో చెంబెడు నీళ్లు పొయ్యండి. నీళ్లు పక్కకు పోవాలి. అక్కడే నిలిస్తే రేపు అక్కడే గుంత. పక్కకు పోయిన నీళ్లు ఎక్కడికి పోవాలి? కాలువలోకి. కాలువ నుంచి తూములోకి. మన చెరువు వైపు వాలులో తూము లేదు. పాత రోడ్డు తెగిన చోటు అదే. ఈసారి బోర్డు మీద ఎన్ని తూములు రాశారో లెక్క పెట్టండి. మెకాడం చెప్పిన మాట మళ్లీ అక్కడికే వస్తుంది. నేల పొడిగా ఉండాలి.

"మరి ఈ మిషన్లన్నీ వచ్చి మా పని గుంజుకున్నయి గద పంతులమ్మా?" అని ఒక అక్క అడుగుతోంది. అడగాల్సిన మాటే.

లెక్క చూద్దాం. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు గుంత తవ్వితే ఒక ఘనపు మీటరు మట్టి. దాని బరువు సుమారు 1600 కిలోలు. తట్టకు 16 కిలోలు అనుకుంటే ఎన్ని తట్టలు? 1600ను 16తో భాగించండి. 100 తట్టలు. మనం మామూలుగా చూసే పచ్చరంగు జెసిబి ముందు బొచ్చెలో సుమారు ఒక ఘనపు మీటరు పడుతుంది. అంటే మీ తల మీద నూరు సార్లు ఎక్కిన మట్టిని అది ఒక్కసారి ఎత్తుతుంది. జెసిబి అనేది ఒక మనిషి పేరు. ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో పెట్టిన కంపెనీ అది. ఆయన పేరులోని మొదటి అక్షరాలే జె, సి, బి. పొక్లెయిన్ కూడా ఫ్రాన్సు దేశపు కంపెనీ పేరే. మనం వాటిని మిషన్ల పేర్లు చేసుకున్నాం.

రోలర్‌ను తీసుకోండి. ముసలివాళ్లు రోడ్డింజను అంటారు. 1860ల్లో ఇంగ్లండులో ఆవిరితో నడిచే రోడ్డింజన్లు వచ్చాయి. ఇప్పటివి డీజిల్‌తో నడుస్తాయి. మూడు ఇనుప చక్రాల రోలర్ 8 నుంచి 10 టన్నులు ఉంటుంది. 100 కిలోల వడ్ల బస్తాలు 80 నుంచి 100 పేర్చినంత బరువు. దిమ్మిస పట్టుకుని మనం ఎంత కొట్టినా అంత బరువు రాదు. కొత్త రకం రోలర్లు బరువుతో పాటు వణుకుతాయి కూడా. ఆ వణుకుకు మట్టి ఇంకా దగ్గరకు కూర్చుంటుంది.

నేను మిషన్‌ను తిట్టను. మా అమ్మ మెడ నొప్పి చూసినదాన్ని. గట్టి రోడ్డు కావాలంటే రోలర్ కావాల్సిందే. కానీ మిషన్ నడిపే సీట్లో ఆడమనిషి ఎందుకు లేదు అని అడుగుతాను. స్టీరింగు తిప్పడం నూరు తట్టలు మొయ్యడం కన్నా కష్టమా? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో కాంట్రాక్టర్లు ఉండకూడదని, వీలైనంత వరకు మిషన్లు వాడకూడదని రాశారు. ఆ పనుల్లో మనం చాలా మట్టి రోడ్లు పోశాం. కూలీ చేతికి వచ్చింది. రోలర్ సరిగా తిరగని చోట రోడ్లు మాత్రం కుంగాయి. రెండూ నిజాలే.

మట్టి కొలత దగ్గర మోసపోకుండా ఒక మాట గుర్తు పెట్టుకోండి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు గుంత ఎంత? మూడు రెళ్లు ఆరు, ఆరులో సగం మూడు. 3 ఘనపు మీటర్లు. తవ్విన మట్టిని గుట్టగా పోస్తే గుల్లబారి పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు సుమారు ఒకటింపావు అవుతుంది. రోలర్ తొక్కితే మళ్లీ తగ్గుతుంది. కాబట్టి గుంతలో కొలిస్తే ఒక లెక్క, టిప్పర్లో ఇంకో లెక్క, రోడ్డు మీద మరో లెక్క. రోడ్డు మీద 100 ఘనపు మీటర్లు కావాలంటే టిప్పర్లో 100 తెస్తే చాలదు. మీరు గుంత తవ్వేటప్పుడు మధ్యలో ఒక దిమ్మను తవ్వకుండా వదులుతారే, అదే లోతుకు సాక్షి. కొలత అయ్యే దాకా దాన్ని ఎవరినీ పడగొట్టనివ్వకండి.

పనికి పోయేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఇవి కొంచెం బాధగా చెబుతున్నాను.

రోలర్ నడిపేవాడికి చక్రం దగ్గరున్న మనిషి కనపడదు. టిప్పర్ వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకు వెనక నిలబడినవాళ్లు కనపడరు. మనం అతన్ని చూస్తున్నాం కాబట్టి అతనూ మనల్ని చూస్తున్నాడని అనుకుంటాం. అది తప్పు. మధ్యాహ్నం నీడ ఎక్కడా దొరక్క టిప్పర్ కింద పడుకుంటారు. వద్దు. నా చిన్నప్పుడు అమ్మ నన్ను పనికి వెంట తీసుకుపోయేది. ఎంత దూరమైనా సరే, పోయి వేపచెట్టుకే చీర ఉయ్యాల కట్టేది. బండి నీడన ఎప్పుడూ పడుకోబెట్టలేదు. అంతకుముందు ఒక పనిచోట ఒక బిడ్డకు ఏదో జరిగింది. ఏం జరిగిందో అమ్మ నాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పదు.

వేడి డాంబరు 150 డిగ్రీల దాకా కాగుతుంది. మరిగే నీళ్ల కన్నా ఒకటిన్నర రెట్లు. అమ్మ ఎడమ పాదం మీద ఇప్పటికీ మచ్చ ఉంది. కాలికి గోనెపట్టా చుట్టుకుని పని చేసింది. బూట్లు ఇవ్వలేదు. డాంబరు పడగానే పక్కనున్నవాళ్లు కంగారుతో గుడ్డ పెట్టి పీకారు. డాంబరుతో పాటు చర్మం వచ్చేసింది. అలా పీకకూడదు. వెంటనే చల్లని నీళ్లు పొయ్యాలి. ఇరవై నిమిషాలు ఆపకుండా పొయ్యాలి. అంటుకున్న డాంబరును అలాగే వదిలి ఆస్పత్రికి పోవాలి. దాన్ని ఎలా తియ్యాలో అక్కడివాళ్లకు తెలుసు. బూట్లు, చేతి తొడుగులు అడగండి. అడిగితే పని ఇవ్వరని భయం ఉంటుంది, నాకు తెలుసు. ఒక్కరు అడిగితే ఇవ్వరు. ఇరవై మంది కలిసి అడగండి.

ఇప్పుడు బోర్డు సంగతి. మన రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వస్తోంది. ఈ పథకం 2000 డిసెంబరు 25న మొదలైంది. ఈ పథకం రోడ్డు దగ్గర మన భాషలో ఒక బోర్డు పెట్టాలి. ఏ పొరలో ఏ సామాను ఎంత వాడుతున్నారో దాని మీద రాయాలి. రోడ్డు పూర్తయ్యాక అయిదేళ్ల పాటు దాని బాగోగులు ఆ కాంట్రాక్టరే చూడాలి. గుంత పడితే పూడ్చాల్సింది ఆయనే. పని పూర్తయిన తేదీ రాసి పెట్టుకుంటే, అయిదేళ్లు ఎప్పటికి నిండుతాయో మనకే తెలుస్తుంది.

బోర్డు మీద లేనిది తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. అది 2005లో వచ్చింది. తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇవ్వాలి. రుసుము 10 రూపాయలకు మించదు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కొలతల పుస్తకం ఉంటుంది, ఆఫీసుల్లో ఎం.బుక్ అంటారు. దాని నకలు అడగవచ్చు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ చట్టం ప్రకారం పనిని స్వయంగా చూసే హక్కు ఉంది. వాడిన సామాను నమూనా అడిగే హక్కు కూడా ఉంది. "సంతకం రాదు, నీకేం తెలుసు" అన్న మేస్త్రీ వస్తే ఆయనకు ఈ ముక్క చదివి వినిపించండి. నేను కాదు, మీరే చదవాలి.

"చదివితే వింటడా?" అని నవ్వుతున్నారు. వినకపోవచ్చు. అప్పుడు ఏ రోజు, ఏ చోట, ఏమి చూశామో పుస్తకంలో రాసి పెడదాం. తేదీ వేసి, చూసినవాళ్లంతా సంతకాలు పెడదాం. దాన్ని అర్జీకి జత చేద్దాం. పోయినసారి మా అమ్మ ఒక్కతే చూసింది. రాసి పెట్టలేదు. అందుకని ఆమె మాట గాలికి పోయింది.

సోమవారం నుంచి ఎలా చెయ్యాలో అనుకుందాం. మట్టి పని జరిగేటప్పుడు వంతులవారీగా రోజుకు ఇద్దరు పోవాలి. పొలానికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూస్తే చాలు. పని మానుకోనక్కర్లేదు. మట్టి పిసికి చూసేది పెద్దమ్మ. ఆమె చేతికి తెలిసినంత నా పుస్తకానికి తెలియదు. కర్రకు దారం కట్టే పని చిన్న కోడళ్లది. మడత టేపు మన కేంద్రంలో ఒకటి ఉంది. దాని మీద అంకెలు చదవడం పోయిన వారమే నేర్చుకున్నారు. రాసే పని మూడో వరసలో ఉన్న చెల్లెలిది. ఆమె అక్షరాలు గుండ్రంగా, బాగుంటాయి. సిగ్గుపడుతోంది చూడండి.

రేపు సాయంత్రం ఇక్కడికి రాకండి. తిన్నగా చింతచెట్టు దగ్గరికి రండి. బోర్డు అక్కడే పాతారు. చీకటి పడకముందే రావాలి, లేకపోతే అక్షరాలు కనపడవు. పై వరస పెద్దమ్మ చదువుతుంది. రెండో వరస నుంచి ఒక్కొక్కరు ఒక్కొక్క వరస చదవాలి. మిల్లీమీటర్లు వచ్చిన చోట ఆగి, వేళ్లతో కొలిచి చూసుకుందాం.